సంగటి గుంటలో నెయ్యి

నిన్న ప్రొద్దుటూరులో రక్తపరీక్ష కాగితం చేతికిచ్చారు. చెడ్డ కొలెస్ట్రాల్ అంకె పక్కన బాణం గుర్తు పైకి చూస్తోంది. అప్పటినుంచీ నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తోచదు. "డాక్టరు ఏమన్నాడు?" అని మా ఆవిడ రెండుసార్లు అడిగింది. ఆ ప్రశ్న వింటేనే నాకు మా మేనమామ ఇల్లు గుర్తొస్తుంది.

మామది లింగాల దగ్గర పల్లె. గొర్రెలు, నాలుగు పాడి ఎనుములు, తర్వాత్తర్వాత కొంచెం చీనీ తోట, అదే బత్తాయి. గొర్రెల వెంట తిరిగిన కాళ్ళు కాబట్టి ఒకచోట నిలిచేవి కావు. పెళ్ళిభోజనం కూడా నడుస్తూ తినొచ్చంటే అలాగే తినేవాడు. అలాంటి మనిషి గుట్టెక్కుతూ రొమ్ము పట్టుకుని ఆగిపోయాడని అత్త ఫోను చేస్తే, జమ్మలమడుగులో నా బడికి సెలవు పెట్టి, పులివెందులలో ఒక డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. పరీక్షలయ్యాక రిపోర్టు చూపించే వేళకు మామ ఓపిక అయిపోయింది. "నాకేం రోగంరా? నువ్వే కనుక్కోని రాపో, నేను బస్టాండుకాడ ఉంటా" అని వెళ్ళిపోయాడు. డాక్టరు నాకే విడమరిచి చెప్పాడు. "మాత్రలు మానొద్దు. చల్లారితే గడ్డకట్టే కొవ్వులు బాగా తగ్గించాలి. నెయ్యి, మీగడ, మాంసం మీది కొవ్వు. చెడ్డ కొలెస్ట్రాల్ పెంచేవి అవే, గుండె నాళాలు పూడుకుపోయేది దానితోనే. వేరుశనగ నూనె అయితే కొద్దిగా వాడుకోవచ్చు." నా క్లాసులో పిల్లలు ఊపినట్టే నేనూ బుద్ధిగా తల ఊపాను.

ఇల్లు చేరేసరికి అత్త సంగటి వండి పెట్టింది. ఆ ఇంట్లో ఒక మర్యాద ఉంది. ముద్ద నడుమ గుంట చేసి నెయ్యి పోస్తారు. చాలన్నాక కూడా ఇంకొంచెం పోయకపోతే వచ్చినవాణ్ణి తక్కువ చేసినట్టు. ఆడబిడ్డ కొడుకును కాబట్టి నాకు గుంట కాస్త పెద్దదే. ఆ ఎనుములు మామ మేపినవి, ఆ వెన్న అత్త చిలికింది. నెయ్యి పోస్తూనే అడిగింది, "డాక్టరు ఏమన్నాడు అల్లుడా?" అని. ఆ నెయ్యి నోట్లో పెట్టుకుని, అదే వద్దన్నాడని ఎట్లా చెప్పను? "మాత్రలు మానొద్దన్నాడు, నూనె తగ్గించమన్నాడత్తా" అన్నాను. సగం నిజం చెప్పేవాడికి ఆ సగం మీద ఎంత ధీమానో!

"నేను శానా దినాల్నుంచి అనుకుంటానే ఉండా. ఆ అంగడి నూనెలోనే ఉండాది మాయంతా. రేపట్నుంచి తిరగమోతకు గూడా మన నెయ్యే!" అంది అత్త. దిద్దాల్సింది అప్పుడే. నేను ఇంకో ముద్ద పెట్టించుకున్నాను.

ఆమె మాటంటే మాటే. పులుసుకు నెయ్యి, గుడ్డుకు నెయ్యి, నెయ్యి చాలని రోజు పొట్టేలు కొవ్వు కరిగించి తాళింపు. ఫోను చేసినప్పుడల్లా "చుక్క నూనె ముట్టలే" అని సంబరంగా చెప్పేది. వచ్చే ఆదివారం పోయి ఎదురుగా చెబుదాంలే అనుకునేవాణ్ణి. ఆదివారాలకేం, వస్తూనే ఉన్నాయి. ఆరేడు నెలలకు మామ దొడ్లోనే కూలబడ్డాడు.

కడపలో స్టెంటు వేశారు. మూడోరోజు మంచం పక్కన నిలబడి, అత్త ముందే, డాక్టరు అప్పుడన్నవన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పాను. చెబుతుంటే నా గొంతు మీద నాకే అసహ్యం వేసింది. "నువ్వు చెప్పినా నేను ఇనేటోన్ని గాదులేరా" అన్నాడు మామ. అది ఆయన పెద్దమనసు.

అత్త మాత్రం నా ముఖంలోకి చూసి, "మీ మామ ఇనకపోయినా నేను ఇనేదాన్ని గదా అల్లుడా. వండేది నేను గదా" అంది.

మామ ఆ తర్వాత మూడేళ్ళే బతికాడు. నిమిషంలో చెప్పాల్సిన మాటకు నేను పెట్టిన వాయిదాలన్నీ ఆయన ఆయుష్షులోంచే పోయాయి.