పచ్చి ఉన్నది, ముట్టొద్దు

మా నారాయణఖేడ్ పాత కమానుకు రావలసిన బహుమానాన్ని పోగొట్టబోయింది వాన కాదు, పిడుగు కాదు, నా చదువు. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను. మా మేస్త్రి ఇప్పటికే నవ్వి నవ్వి అలసిపోయాడు.

నేను డంగు సున్నం పనిదాన్ని. బెల్లం నీళ్లు, కరక్కాయ రసం పోసి సున్నం నూరడంలో నా చేతికి తిరుగు లేదు. ఆ ఏడు, పాత కట్టడాలను సిమెంటు తగలనీయకుండా బాగు చేసినవాళ్లకు మా ఊళ్లో బహుమానం పెట్టారు. గెలిచినవాళ్లకే సిర్గాపూర్ పాత బావి పని. ఓడితే అందరం హైదరాబాద్ పోయి సిమెంటు తట్టలు మోయాలి. షరతు ఒకటే: పని చూసి బహుమానం తేల్చేవాళ్లు వచ్చేనాటికి పని పూర్తయి ఉండాలి.

కమాను కుడి స్తంభానికి చివరి పూత వేశాక మేస్త్రి మాణిక్యం ముళ్లకంప తెచ్చాడు. పచ్చి గోడకు కంప అడ్డం పెట్టడం మా పనివాళ్ల పద్ధతి. మనిషికీ మేకకూ సమానంగా అర్థమయ్యే భాష అది. కానీ నేను యాభై దాటాక, మహిళా సంఘం బడిలో అప్పుడప్పుడే అక్షరాలు నేర్చాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్త అక్షరం గోడెరగదు.

“కంపెందుకు మాణిక్యం, చదువు రానోళ్ల లెక్క? నేను రాస్త.”

“ఏం రాస్తవక్కా?”

“మంచి మాటే.”

మేకుతో ఆ పచ్చి సున్నం మీదే జానెడేసి అక్షరాలు గీశాను: పచ్చి ఉన్నది, ముట్టొద్దు.

గట్టిపడకముందే చదును చేయాలనే అనుకున్నాను, నమ్మండి. తాపీ ఎత్తాను కూడా. కానీ ‘ము’ మిఠాయి దుకాణం లడ్డూలా గుండ్రంగా వచ్చింది. కన్నబిడ్డ ముఖాన తాపీ ఎలా పెట్టను? వదిలేశాను. సున్నం రాయైపోయింది.

మాణిక్యానికి చదువు రాదు. నేను ఆదివారం చర్చికి పోతాను కాబట్టి అది దేవుని వాక్యమనుకున్నాడు. రోజూ పొద్దున దానికి మొక్కి గాని పని మొదలుపెట్టేవాడు కాదు. నేనూ చెప్పలేదు. మొక్కేవాణ్ణి ఆపితే పాపం కదా.

నెల తర్వాత బహుమానం తేల్చేవాళ్ల తరఫున ఒక మేడం వచ్చింది. పూత లోపల బోలుగా ఉందేమోనని వీళ్లు వేలితో కొట్టి చూస్తారు. ఆమె చెయ్యి చాపి, రాత చదివి, కాలే పెనాన్ని చూసినట్టు వెనక్కి తీసుకుంది.

“పని పూర్తి కాలేదా? ఇంకా పచ్చిగా ఉందా?”

“పచ్చేంది మేడం? అది దేవుని వాక్యం,” అన్నాడు మాణిక్యం.

మేడం పైకి చదివి వినిపించింది. మాణిక్యం మెల్లగా నా వైపు తిరిగాడు.

“అక్కా, నెల దినాలు నేను మొక్కింది దీనికా?”

“మొక్కుమని నేనన్ననా?”

“కంప పెడితే అయిపోతుండె. ఇగ నడు, పట్నం పోయి తట్టలు మోద్దాం.”

బావి పని నా కళ్లముందే నడిచి వెళ్లిపోతోంది. “రాసినప్పుడు పచ్చే మేడం. ఇప్పుడు రాయైంది. కొట్టి చూడు.”

“మరి చెరపలేదేం?”

“అక్షరాలు మంచిగొచ్చినయి. తీయబుద్ధి కాలే.”

మేడం నవ్వలేదు. కొట్టింది. గోడ గట్టిగా, నిండుగా పలికింది. తర్వాత, మేము ముందే పూత వేసి ముగించిన ఎడమ స్తంభం చూసింది. అక్కడ పాన్ ఉమ్ములు, బొగ్గు గీతలు, ప్రేమికుల పేర్లు. కుడి స్తంభం మీద వేలిముద్ర కూడా లేదు.

“ఈ వైపు ఎవరూ ముట్టలేదేం?”

“చదివిన్రు మేడం,” అన్నాను. నా గొంతు నాకే కలెక్టర్ గొంతులా వినిపించింది.

బహుమానం మాకే వచ్చింది, బావి పనీ మాకే. ఆ రాత చెరపమంటారా అని మాణిక్యం అడిగితే, “ముట్టొద్దు,” అంది మేడం.

ఇప్పటికీ దారిన పోయేవాళ్లు స్తంభానికి మూరెడు దూరం జరిగి నడుస్తారు. “ఇంకా ఎండలేదా అక్కా?” అని అడుగుతారు. “డంగు సున్నం గద బిడ్డా, టైం పడ్తది,” అంటాను.

అయినా తప్పు తప్పే. కమాను మీద చెయ్యి వేసి ఒట్టు పెడుతున్నాను (నాకొక్కదానికే ఆ అనుమతి ఉంది): ఇక మీదట పచ్చి గోడ మీద రాయను. చెయ్యి ఆగక రాస్తే గనుక, కింద ఇంకో వరుస తప్పక చేరుస్తాను: ఎండినంక ముట్టొచ్చు.