నేను చూపిన అడ్డదారి

పుదుచ్చేరిలో కంప్యూటరుకు దారి నేర్పిన మొదటి మనిషిని నేనే. ముదలియార్‌పేటలో నా భార్యకు ఉబ్బసం ముదిరిన సాయంత్రం, ఆటో దొరక్క నిలబడితే, యానాం మాటతీరున్న ఒకాయన కారాపి ఎక్కించుకున్నాడు. ముందుసీటులో ల్యాప్‌టాప్, అందులో ఊరి మ్యాపు. కదిర్కామంలో డాక్టరు దగ్గరికి అది గీసిన నీలిగీత బజారు మీదుగా పోతోంది. అక్కడేమో తేరు ఊరేగింపు.

“ఎటెళ్లమంటారో చెప్పండి బాబాయ్‌గారూ, గీతను అటు జరుపుతాను,” అన్నాడాయన.

నేను చెప్పిన ప్రతి సందులోనూ చుక్క పెట్టాడు. గీత నా మాట విని మలుపులు తిరిగింది.

నిజం ఒప్పుకుంటాను. అవి నేను సైకిలు మీద తిరిగిన సందులు. మొదటిదాంట్లోనే కారు ఇరుక్కుంది. పక్కన నా భార్య ఊపిరి ఈల వేస్తోంది. ఆయన కారు వెనక్కి తీసి, నా చుక్కలన్నీ చెరిపి, ల్యాప్‌టాప్ మావైపు తిప్పాడు. మ్యాపులో రెడ్డియార్‌పాళయం మీద వేలు పెట్టాం, గీత అటు తిరిగింది. వేళకు చేరాం. ఆయన పేరడగడం మరిచాను.

తెలుగు అక్షరాలు రాని నా భార్యకు ఇదంతా చదివి వినిపించాను.

“పెట్టాం ఏంది? నువ్వు యాడ పెట్టినావు? కండ్లు మూసుకొని మురుగా మురుగా అంటా ఉంటివి. ఆయన తిప్పింది నావైపుకే.”