ఇంజిన్ లేని బస్సు, దిగనివ్వని కండక్టరు

పుష్పలీల ఆంటీకి ఒక్కటే పట్టుదల: నడుస్తున్న బస్సులోంచి ఎవరినీ దిగనివ్వదు. ఆ బస్సు నడిచి నలభయ్యేళ్లయింది. దానికి ఇంజిన్ కూడా లేదు.

బర్మింగ్‌హామ్‌లో ఒక రవాణా మ్యూజియం విద్యా విభాగంలో నేను ఇంటర్న్‌గా చేరేనాటికి, హనుమకొండ డిపోలో కండక్టర్‌గా చేసివచ్చిన ఆంటీ అక్కడ బడిపిల్లలకు పాత డబుల్ డెక్కర్ చూపించేది. చూపించడమంటే అందరినీ ఎక్కించి, గంట కొట్టి, "రైట్ రైట్" అనడం. ఆపడానికి "హోల్డాన్". ఆ రెండు మాటల మధ్య బస్సు పరుగెడుతున్నట్టే లెక్క. మొదటిరోజు ఫోనొచ్చిందని నేను మెట్టు మీద కాలు పెట్టాను.

"రన్నింగ్‌ల దిగొద్దు బిడ్డా."

ఫోను మోగి మోగి ఊరుకుంది. స్టాపు రాలేదు. ఫైర్ అలారం చూడటానికి వచ్చిన మనిషి కూడా ఒకసారి ఇలాగే ఇరుక్కున్నాడు. పాపం, టికెట్ కూడా తీసుకున్నాడు.

మా మేనేజర్ నిశాంత్ లండన్‌లోని హారోలో పుట్టిన తెలుగువాడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో.

"ఆంటీ, దిస్ బస్ హ్యాజ్ నో ఇంజిన్."

"అందుకే మెల్లగ పోతున్నం."

ఎప్పుడుపడితే అప్పుడు బస్సాపి అందరినీ దింపే ఆమె స్టాపుల వల్ల ప్రతి సెషనూ ఆలస్యమే. ఇంకొక్కసారి ఆలస్యమైతే బస్సు మానేసి పిల్లలకు వీడియో చూపిస్తామని నిశాంత్ చెప్పేశాడు. ఆ శుక్రవారం స్వయంగా వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు.

ఆ రోజు ఆంటీ బుద్ధిగా నడిపింది. కాసేపట్లో అయిపోతుందనగా, ఉన్నట్టుండి "హోల్డాన్" అంది. రేడియేటర్ లీకైందట. పిల్లలంతా దిగి వెనకనుంచి తోయాలట. మన వైపు ఇది ఎవరికీ కొత్త కాదు. బర్మింగ్‌హామ్ పిల్లలకు మాత్రం పండగే. నిశాంత్ వాచీ చూసుకున్నాడు. ఇక వీడియోనే అనుకున్నాను.

మిగతా పిల్లలు దిగాక కిటికీ పక్కన ఒక పాప మిగిలింది. స్కర్టు తడిసిపోయి, సీటు కింద చిన్న మడుగు. ఆంటీ తన కోటు ఆ పాప నడుముకు చుట్టి, టీచరుతో బాత్రూమ్‌కు పంపి, నాకు తుడిచే గుడ్డ అందించింది.

"రేడియేటర్ నీళ్లు. తుడువు."

తుడుస్తుంటే పాత స్టాపులన్నీ గుర్తొచ్చాయి. వాంతి ఆపుకుంటున్న పిల్లాడు, ఏడుపు ముంచుకొచ్చిన పిల్ల. స్టాపు ఎప్పుడూ వాళ్ల దగ్గరే వచ్చేది, అందరూ దిగేవాళ్లు. నా ఫోనుకి రాకపోవడంలో వింతేముంది?

నిశాంత్ వెనక సీట్లోంచి అంతా చూశాడు. దిగి, చొక్కా చేతులు మడిచి పిల్లలతో కలిసి తోశాడు. చక్రాల కింద చెక్కలున్న బస్సు వెంట్రుకవాసి కదల్లేదు. బాగా కదిలిందని అందరూ ఒప్పుకున్నారు.

మళ్లీ ఎక్కారు. పాప పొడి ట్రాక్‌సూట్‌లో వచ్చి తన చోట కూర్చుంది. ఎవరూ ఏమీ అడగలేదు. రేడియేటర్ బాగయిందా అని మాత్రం ఒకడు అడిగాడు. బాగయిందని నిశాంతే గంభీరంగా చెప్పాడు. "రైట్ రైట్" అంది ఆంటీ.

బయట ఇంకో బడి పిల్లలు ఎదురుచూస్తున్నారు. నిశాంత్ లేచి, ఇకనుంచి బ్రేక్‌డౌన్‌కు కూడా కలిపి ప్రతి సెషన్‌కూ టైమ్ పెంచుతానని, ఆ సంగతి వాళ్లకు చెప్పి వస్తానని మెట్టు దగ్గరికి నడిచాడు.

"రన్నింగ్‌ల దిగొద్దు బిడ్డా."

"సారీ ఆంటీ," అని తెలుగువాడిలా తలవంచుకుని, వెళ్లి కూర్చున్నాడు.