నాలుగో వారం నాన్న డ్యూటీ

ఇవాళ లాప్‌టాప్ మీద ఎర్ర అక్షరాలు చూడగానే గోదావరిఖనిలో నా ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది.

కంప్యూటర్ మేడం మా చేత మొదటి ప్రోగ్రాం రాయించారు. ఎన్నో వారమో చెబితే, గనిలో పనిచేసే నాన్నది ఆ వారం ఏ షిఫ్టో అది చెప్పాలి. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, నైట్ షిఫ్టు అని మూడు వారాలకు రాసి గర్వంగా కూర్చున్నాను. ప్రోగ్రాం సరిగ్గా జవాబిస్తుందో లేదో చూసేందుకు మేడం తను రాసిన టెస్టును దాని మీద నడిపారు. తెర మీద ఎర్రగా "ఫెయిల్" అని పడింది.

టెస్టంటే పరీక్షే అనుకున్నాను. ఇక తొమ్మిదో తరగతికి పోలేనని ఏడుస్తూ ఇల్లు చేరాను.

డ్యూటీ దిగి వచ్చిన నాన్న సంగతి విని, "ఆ టెస్టు ఏమడిగింది బిడ్డా?" అన్నాడు.

"నాలుగో వారం నీది ఏ షిఫ్టని."

నాన్న పకపకా నవ్వాడు. "గింతేనా! నైట్ షిఫ్టు అయినంక మళ్ల మొదటి షిఫ్టే గద!"

మర్నాడు బడికి పరుగెత్తి, నాలుగో వారానికి ఆ లైను చేర్చాను. ఆకుపచ్చగా "పాస్" అని పడగానే బెంచీ ఎక్కి గంతులేశాను.

"నిన్న ఫెయిలైంది నువ్వు కాదు, నీ ప్రోగ్రాం. ఏడ తప్పుందో టెస్టు చూపెట్టింది, గంతే," అన్నారు మేడం. "ఇప్పుడు నువ్వే ఒక టెస్టు రాయి."

నూరో వారం ఏ షిఫ్టని అడిగే టెస్టు రాసి నడిపాను. నా ప్రోగ్రాంలో ఉన్నవి నాలుగు వారాలే.

"మేడం! మళ్ల ఎర్రగయింది!" అని తరగతంతా అదిరేలా అరిచాను.

తప్పు దొరికితే అంత సంబరం కలుగుతుందని అప్పటిదాకా నాకు తెలియదు.