రెండోసారికి దాచుకున్న ఊపిరి

మా తెలుగు మేస్టారు పోయారని పోయిన నెల ఒక శనివారం తెలిసింది. శ్రీకూర్మంలో స్వామి దర్శనం చేసుకుని బయటికి వస్తూంటే మా చిన్నాన్న ఫోన్ చేశాడు. "మీ మేస్టారు తెల్లారగట్ట పోయారే అమ్మా. వస్తావేటి?" అన్నాడు. రానంటానేమోనని ఆయన గొంతులో భయం. ముప్పై అయిదేళ్లుగా నేను మేస్టారితో ముక్తసరిగానే మాట్లాడతానని మా ఊళ్లో అందరికీ తెలుసు.

మేస్టారు మా హైస్కూల్లో ప్రతి వార్షికోత్సవానికీ ఒక నాటకం రాసి వేయించేవారు. నేను పదో తరగతిలో ఉన్న ఏడు పాతకాలపు ప్రేమకథ రాశారు. రాకుమారి మనసు తెలుసుకోవడానికి రాకుమారుడు పూలదండలు కట్టేవాడి వేషంలో ఆమె తోటలోకి వస్తాడు. ఆమె గుర్తుపట్టదు. నన్ను ప్రేమించినవాడు నా దగ్గర ఏదీ దాచడని అతని ముందే పద్యం పాడుతుంది. రాకుమారి వేషం నాది. మా తరగతిలో పొడుగుపిల్ల రాకుమారుడు.

ఆ పద్యం దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వొచ్చేది. మేస్టారు కోప్పడేవారు కాదు. చేతిలో సుద్దముక్కని రెండుగా విరిచి, సగం జేబులో వేసుకుని, అప్పుడు మాట్లాడేవారు. "సభకంతా తెలుసు, నీకొక్కదానికే తెలీదు. తెలిసినట్టు నీ మొహం చెప్పకూడదు తల్లీ."

ఇంకో మాట కూడా అనేవారు. మావైపు పద్యం బాగుంటే జనం "వన్స్ మోర్" అనకుండా వదలరు, పాడినవాళ్లు మళ్లీ పాడాల్సిందే. "ఉన్న ఊపిరంతా ఒకేసారి ఖర్చు చేసేయకు. రెండోసారికి దాచుకో" అనేవారు. నేను ఇంట్లో పాడుతూంటే నాన్న పశువులశాలలోంచి "వన్స్ మోర్" అని కేకేసేవాడు. ఎడ్లు బెదిరేవి. అమ్మ తిట్టేది.

నాటకం రోజు నాన్న చెరుకుబండి దింపేసి వస్తానన్నాడు. ముందు వరసలో అమ్మ పక్కన ఆయనకి తువ్వాలు పరిచి చోటు ఉంచాం. మొదటి రంగం అయ్యేసరికి ఆ తువ్వాలు అలాగే ఉంది. రెండో రంగానికి ముందు తెర పక్కకి చిన్నాన్న వచ్చాడు. చొక్కా నిండా బురద. మేస్టారి చెవిలో ఏదో చెప్పాడు. మేస్టారు నావైపు చూశారు.

"నాన్న వచ్చాడాండీ?" అన్నాను.

"వస్తాడు. నువ్వు పద్యం చూసుకో" అన్నారు.

ఆయన చేతిలో సుద్దముక్క లేదు. వేళ్లు మాత్రం విరుస్తున్నట్టు కదిలాయి.

తెర లేచింది. అమ్మ చోటు కూడా ఖాళీగా ఉంది. ఇందాక పడీపడీ నవ్విన జనం ఇప్పుడు నవ్వడం లేదు. వరస నుంచి వరసకి గుసగుసలు పాకుతున్నాయి. పూలవాడు కన్నుగీటినా ఎవరూ కదల్లేదు. నేను పద్యం ఎత్తుకున్నాను. అంత బాగా అంతకుముందెప్పుడూ పాడలేదు. రెండోసారికి ఊపిరి దాచుకుని నిలబడ్డాను. ఒక్కరూ "వన్స్ మోర్" అనలేదు. ముందు వరసలో ఒకామె పైట నోటికి అడ్డం పెట్టుకుంది. పాడుచేశాననుకున్నాను. పక్కకి చూస్తే మేస్టారు తన తువ్వాలు నోట్లో కుక్కుకుని, కానివ్వమని చెయ్యి ఊపుతున్నారు. కానిచ్చాను.

తెర పడ్డాక ఆయనే నా కిరీటం తీశారు. గట్టు మీద చెరుకుబండి తిరగబడి నాన్న దాని కింద పడ్డాడని, శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లారని, అమ్మ కూడా వెళ్లిందని అప్పుడు చెప్పారు. మేస్టారూ నేనూ వెళ్లేసరికి అరగంటైంది నాన్న పోయి. ముందే బయల్దేరి ఉంటే ఆయన కళ్లు చూసేదాన్ని.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అని మేస్టారిని అడిగాను. "తప్పు నాదే తల్లీ" అన్నారు. 

ఆ తర్వాత నేను పద్యం పాడలేదు. మేస్టారు గుడి దగ్గర కనిపిస్తే "పద్యం జ్ఞాపకముందా?" అని అడిగేవారు. చేతిలో ప్రసాదం పెట్టి వచ్చేసేదాన్ని. స్వామి ముందు ఎన్నిసార్లు చేతులు జోడించానో, ఆ కోపం మాత్రం ఆయన పాదాల దగ్గర వదల్లేదు.

మేస్టారిని సాగనంపి వచ్చాక, ఆయన వీధి అరుగు మీద చిన్నాన్న నా పక్కన కూర్చున్నాడు.

"నిన్ను నాటకం మధ్యలో తీసుకురావద్దన్నది మీ నాయినే అమ్మా. ట్రాక్టరులో పడుకోబెడతంటే నా సెయ్యట్టుకున్నాడు. పిల్ల నెల్లాళ్లు నేర్సుకున్నాది, అయ్యేదాకా సెప్పకురా అన్నాడు. కాలు దెబ్బే అనుకున్నాడు. మేస్టారికి అదే సెప్పినాను."

"మరి నాకెందుకు చెప్పలేదు, ఇన్నేళ్లు?"

"సెప్పేస్తానన్నాను. మేస్టారే సెప్పనివ్వలేదు. పోయినోడి మీద కోపమొస్తే పిల్ల ఎవరితో దెబ్బలాడతాది? నేనున్నాను కదా, నా మీద పెట్టుకోనీ అన్నారు."

ఊళ్లో ఇంకెవరికి తెలుసని అడిగాను. చిన్నాన్న తల దించుకున్నాడు. సభకంతా తెలుసన్నమాట. మేస్టారు ఆ వేషం చివరిదాకా తియ్యలేదు.

పదోరోజున ఆయన భార్య, మేమంతా అమ్మగారు అంటాం, నా చెయ్యి పట్టుకుని అడిగారు. "ఆ పద్యం ఒక్కసారి పాడతావా అమ్మా? అడుగుతూనే పోయారు."

ఫొటో ముందు కూర్చున్నాను. దండ కింద, ఆయన జేబులో దొరికిందట, ఒక సగం సుద్దముక్క పెట్టారు.  పాడాను. అయిపోయాక ఇంటినిండా ఉన్న జనంలో ఒక్కరూ "వన్స్ మోర్" అనలేదు.

 నేనే ఊపిరి తీసుకుని, మొదటినుంచీ మళ్లీ ఎత్తుకున్నాను.