రెండు మగ్గాలు

పోయిన నెల ఒక ఆదివారం నా భార్య చనిపోయింది. అప్పటికి కొన్నాళ్లుగా ఆమెకు జలుబు. పొద్దున కాఫీ తాగి, కొత్త పడుగు పోగులను గుంత మగ్గంలోని పాత పోగుల కొసలకు అతకడానికి కూర్చుంది. మధ్యాహ్నానికి ఆయాసం మొదలైంది. ఇన్‌హేలర్ పీల్చినా తగ్గలేదు. ఎమ్మిగనూరు నుంచి బాడుగ కారులో ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాను. దారి పొడవునా నా చెయ్యి వదల్లేదు. సాయంత్రం డాక్టరు బయటికి వచ్చి, కళ్లద్దాలు తీసి, నన్ను కూర్చోమన్నాడు.

ఆమెది నేత కుటుంబం. నేను కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. కోపం వచ్చినా నవ్వు వచ్చినా నన్ను "సారూ" అనేది. "ఎదురుగా పోగు తెగితే కనపడదు గానీ, ఏ రాజు యాడ సచ్చినాడో తెలుసు సారుకు" అని వీధిలో అందరికీ వినిపించేలా అనేది.

నలభై దాటాక ఆమెకు ఒక జలుబు వచ్చింది. అందరికీ వచ్చేదే. ముక్కు తేరుకుంది, దగ్గు మిగిలింది. తర్వాత ఎదలో పిల్లికూతలు. "ఇప్పుడు రెండు మగ్గాలు నేస్తాండా సారూ. ఒకటి గుంతలో, ఇంగొకటి ఎదలో" అని నవ్వింది. మా వీధిలో ఎవరు దగ్గినా మగ్గం దుమ్మే అంటారు. మేమూ అదే అనుకున్నాం. నేత మానేసింది. ఏడాది పాటు మగ్గం గుంత మీద పలకలు కప్పి ఉంచాం. దగ్గు పోలేదు. మళ్లీ జలుబు చేసినప్పుడల్లా ఆయాసం ముదిరింది. ఆ ఏడాది ఆమె హాస్యాలాడలేదు.

చివరికి ఆదోనిలో డాక్టరు గొట్టంలో ఊదించి చూసి, ఆస్తమా అన్నాడు. ఈ వయసులోనా అన్నాను. మామూలు జలుబు తెచ్చే వైరస్ సోకాక కొందరు పెద్దవాళ్లలో ఇది బయటపడుతుందనీ, ఆపైన ఏ జలుబైనా దాన్ని రేపుతుందనీ చెప్పాడు. దుమ్ముతోనూ జాగ్రత్తే, మందు మాత్రం మానొద్దన్నాడు. ఆమె అడిగింది ఒక్కటే.

"గుంతలో దిగొచ్చునా అప్పా?"

"ముక్కుకు గుడ్డ కట్టుకుని దిగమ్మా."

ఇంటికి రాగానే పలకలు తీసింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు నేసింది. ఇన్‌హేలర్ నూలు కండెల బుట్టలో ఉండేది. మందు పీల్చాక నోరు పుక్కిలించడం ఏనాడూ మరవలేదు. జలుబుతో ఎవరొచ్చినా అరుగు మీదే కాఫీ. "నువ్వు సుట్టానివే, నీ జలుబు మాకు సుట్టం కాదు" అనేది. ఎవరూ నొచ్చుకోలేదు.

పక్కింటి చెల్లెలి వరసావిడ ఈ సాయంత్రం వచ్చింది. పోగులు అతకడంలో నా భార్యకు జోడీ ఆమే. ఆ పని సగంలోనే ఆగిపోయింది. పోగు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని కూర్చుంది, కానీ పోగు పట్టుకోలేదు.

"ఆ వారం నాకూ జలుబేనన్నా. నాదే వదినకు అంటిందేమో."

"జలుబు ఊరంతా ఉండింది. ఎవరిది ఎవరికి అంటిందో డాక్టరే చెప్పలేడమ్మా."

ఆమె కళ్లు తుడుచుకుంటూ దగ్గింది. ఆగకుండా దగ్గింది. ఆ చివర సన్నగా కూత. నాకు తెలిసిన కూత.

"ఆ జలుబు నుంచీ ఇట్లే ఉందా?"

"ఇది మగ్గం దుమ్మన్నా. కషాయం తాగితే పోతాది."

ఇంట్లో నా భార్య ఉంటే ఏమనేదో నాకు వినిపించింది: "నీకూ ఎదలో ఇంగో మగ్గం పడింది సూడు." పోగుల మీద గుడ్డ కప్పాను. రేపు పొద్దున మొదటి బస్సుకు ఈ చెల్లెల్ని ఆదోని డాక్టరు దగ్గరికి తీసుకుపోతాను. పడుగు అంతవరకూ ఆగుతుంది.