గంప కింద అడుగు

జంతువుల కాళ్ళ గురించి నాకు తెలిసినంత గూళూరు చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదని చెప్పుకుంటూనే ముసలివాణ్ణయ్యాను. గాడిదకు గిట్ట ఒంటిది, గొర్రెకు చీలినది. ఎలుగుబంటి మనిషిలాగే అరికాలంతా ఆనించి నడుస్తుంది, గోళ్ళు మాత్రం గునపాల్లా దిగుతాయి. ఇంతవరకూ నిజమే. చిరుతను చేతికర్రతో తరిమానని చెప్పేది మాత్రం అబద్ధం. నేను చూసిన ఒకే ఒక్క చిరుత బోనులో, నాకు వీపు పెట్టి పడుకుని ఉంది. దాని కాళ్ళు కనబడనే లేదు.

పోయిన ఎండాకాలం మా పక్కింటామె గొర్రెల దొడ్డిలో ఏదో పడింది. మొగుడు పోయాక ఆమె బతుకుతున్నది ఆ గొర్రెల మీదే. తెల్లవారేసరికి రెండు తప్ప అన్నీ చచ్చి ఉన్నాయి. చిరుత చంపితే అరణ్య ఇలాఖావాళ్ళు, అంటే ఫారెస్టువాళ్ళు, పరిహారం ఇస్తారు, కుక్కలు చంపితే ఏమీ రాదు. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"అడుగులు చూస్తే నీకు తెలుస్తాదంట కదప్పా. వచ్చి చూడు."

నీళ్ళతొట్టి కారి దొడ్డి ముందు మట్టి మెత్తబడి ఉంది. కొన్ని అడుగులు గుండ్రంగా, గోటి గుర్తే లేకుండా ఉన్నాయి. కొన్ని కాస్త పొడవుగా, ప్రతి వేలి ముందూ గోరు గుచ్చుకుని ఉన్నాయి. నేను ఆలోచించలేదు. పులిగోరును బంగారంలో పొదిగి పిల్లల మెడలో వేసిన కాలంలో పుట్టినవాణ్ణి, చిరుత అంటే నాకు గోరే. గోళ్ళున్న అడుగు మీద వేరుశనక్కాయల గంప బోర్లించి, పైన రాయి పెట్టి, ఎవరూ ముట్టకూడదన్నాను. గుండ్రటివి కుక్కవని వదిలేశాను. చిరుత ఎలా దూకిందో, గొంతు ఎలా పట్టిందో పక్కన నిలబడి చూసినట్టు చెబుతుంటే, ఊరి జనమంతా ఆ గుండ్రటి అడుగుల మీదే నిలబడి విన్నారు.

మధ్యాహ్నం బాగేపల్లి నుంచి ఫారెస్టు గార్డు వచ్చి, గంప ఎత్తి, అడుగును ఫోటో తీశాడు.

"చిరుత గోర్లు లోపలికి ముడుచుకొని నడుస్తాది అజ్జా. కుక్కకు ముడిచేకి రాదు. ఇది కుక్కే."

గుండ్రటివి కూడా ఉండినాయన్నాను. యాడ ఉండాయో చూపించమన్నాడు. అక్కడ చెప్పుల గుర్తులు తప్ప ఏమీ లేవు. చచ్చిన గొర్రెల గొంతులు చూద్దామంటే వాటిని కుక్కలు అప్పటికే పీకి పెట్టాయి. ముందు చిరుత వచ్చి, వాసనకు కుక్కలు తర్వాత వచ్చి ఉండొచ్చని గార్డే ఒప్పుకున్నాడు. అయినా ఫోటోలో పడిందే రాసుకుని పోయాడు.

రెండు గొర్రెలతో దొడ్డి నడవదు. ఆ వారమే వాటిని చింతామణి సంతకు తోలడానికి ఆమె ఆటో పిలిపించింది. ఎత్తిపెట్టడానికి నేను వెళ్ళాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ పొద్దు ఆ గుండ్రటి అడుగులు తొక్కకుండా నేను పక్కకు జరిగి నడిస్తినప్పా," అంది. "అవి కుక్క అడుగులని నువ్వంటివి. నీకంటే నాకు తెలుసునా అని అందర్నీ తొక్కనిస్తి."

రెండో గొర్రె ఆటో రేకు మీద గిట్టలు జారి ఎక్కనంటుంటే, వెనక నుంచి నెట్టాను.